చేతిపని - చేతికందని పని

గోదావరి మండలములో ఇంజనీరింగు విద్య కథను 1847లో ధవళేశ్వరముతో మొదలుపెట్టుట మన వాడుక. దానికి అరువదియేండ్లకు పైగా పూర్వమే ఆ కథకొక తొలి ప్రకరణము సామర్లకోటలో జరిగినది. 1781లో విలియం రాక్స్‌బర్గు అను స్కాట్లండు దేశస్థుడు ఈస్టిండియా కంపెనీ వైద్యుడుగా ఆ యూరికి వచ్చెను. ఆయన వైద్యముతో తృప్తిపడలేదు. మిరియము, నీలిమందు, కాఫీ, దాల్చిన, చెరకు మొదలగువాని పెంపకమును పరీక్షించుటకు తోట వేయించెను. వాతావరణపు లెక్కలు దినదినమును వ్రాసికొనెను. 1793లో కలకత్తా ఉద్యానమునకు అధిపతిగా వెడలువరకు సామర్లకోటయే ఆయనకు ప్రయోగశాల. రాజమహేంద్రవర సర్కారులో రైతులు చెరకు పండించి బెల్లము, పంచదార చేయు విధానమును గూర్చి ఆయన వ్రాసిన వివరము ఇంగ్లండులో అచ్చయినది. మన రైతుల చేతిలో నున్న విద్య ఆ విధముగా కాగితము మీదికెక్కినది.

ఆ విద్యకు ప్రాణము పాకము. రసము ఎంతసేపు కాగవలెను, తెట్టు ఎప్పుడు తీయవలెను, పెనమును ఏ క్షణమున దించవలెను - ఇవి పుస్తకము చదివిన వచ్చునవి కావు. తెలిసినవాని ప్రక్కన నిలిచి, కొన్నిమార్లు చెడగొట్టి నేర్చుకొనవలసినవి. గానుగ దగ్గర పని పంపకము మనమందరము ఎరిగినదే. చెరకు ఆకు తీయుట, మోపులు మోయుట, పిప్పి ఎండబెట్టుట ఆడువారికి; పెనము దగ్గర నిలుచుట మగవారికి. కాని అదే యింటిలో సంక్రాంతికి అరిసెల పాకము పట్టునది ఎవరు? నీళ్ళగిన్నెలో చుక్క వేసి, వ్రేళ్ళ నడుమ ఉండ చేసి, ఇది లేతపాకము, ఇది ముదురుపాకము అని నిర్ణయించునది ఎవరు? పొయ్యి మీది పాకము వంట అయినది. పెనము మీది పాకము వృత్తి అయినది. ఈ భేదము పల్లెపట్టులలో పుట్టినదే. విచిత్రమేమనగా, ఆవిరియంత్రమును విద్యుచ్ఛక్తియు వచ్చిన తరువాత కూడ అది వానితో బాటు కర్మాగారములోనికి నడచిపోయినది.

రాక్స్‌బర్గు సామర్లకోటలో నున్న దినములలోనే మైకేల్ టాపింగ్ అను సర్వేయరు కోరమాండలు తీరమును కొలుచుచు, గోదావరీ కృష్ణల నీటిని సేద్యమునకు మళ్ళించు ఉపాయములను పరిశీలించుచుండెను. ఆయనకు కొలత తెలిసిన సహాయకులు కావలసివచ్చిరి. ఆయన ప్రేరణమున 1794లో మద్రాసులో ఎనిమిదిమంది విద్యార్థులతో సర్వే పాఠశాల యొకటి వెలసినది. నేటి గిండి ఇంజనీరింగు కళాశాలకు అదియే మూలము. ఆ విద్యార్థులను తెచ్చినది ఆ నగరమందలి మగపిల్లల అనాథాలయమునుండి. ఆ అనాథాలయము 1789లో ఏర్పడినది. దానికి రెండేండ్లు ముందే, 1787లో, అచ్చటనే ఆడుపిల్లల అనాథాలయమును ఏర్పడినది. మగపిల్లల చేతికి కొలత గొలుసు నిచ్చిరి. ఆడుపిల్లల చేతికి సూదియు దారము నిచ్చిరి. ఇందులో దురుద్దేశమును వెదకనక్కరలేదు. కంపెనీకి సర్వేయర్లు కావలెను. సైనికులకు భార్యలు కావలెను. ఎవరి అవసరమునకు తగిన చదువు వారికి చెప్పించిరి. అయినను, దక్షిణదేశమున ఇంజనీరింగు విద్య పుట్టిన నాడే దాని వాకిట "మగపిల్లలకు మాత్రమే" అను మాట, ఎవరును వ్రాయకయే, వ్రాయబడియుండెను. ఆ మాట చెరుగుటకు 146 సంవత్సరములు పట్టినది.

ఇక ధవళేశ్వరము. 1847 మొదలు 1852 వరకు ఆర్థరు కాటను కట్టించిన ఆనకట్ట మీద వేలకొలది జనము పని చేసిరి. ఆ తరువాత త్రవ్విన కాలువలలో నొకటి సామర్లకోటకు వచ్చి, పడవల రాకపోకలకు అనువై, కాకినాడ వరకు సరకును చేర్చినది. ఆ కాలువగట్ల మీది మట్టిని నెత్తిమీది తట్టలలో మోసినవారిలో స్త్రీలెందరో ఉండిరి. ఒక్క విషయమును మాత్రము గమనింపవలెను. పార పట్టిన కుఱ్ఱవానికి పైన మెట్లు కనబడుచుండెడివి: రాయి చెక్కువాడు, తాపీ మేస్త్రి, పనుల మేస్త్రి, అదృష్టముండిన ఓవర్సీయరు. కాటను వద్ద పనిచేసి పేరుకెక్కిన వీణం వీరన్న కథను గోదావరి ప్రజలు ఇప్పటికిని చెప్పుకొందురు. తట్ట మోసిన స్త్రీకి పై మెట్టు లేదు. ఇరువదియేండ్లు మోసినను ఆమె నేర్చినదానికి పేరు లేదు, ఆమెను మేస్త్రి ప్రక్కన నిలుచుండబెట్టి మట్టము చూపినవారు లేరు. కాలువకు చాలు ఎంత, గట్టుకు వాలు ఎంత అనునది ఆమె కన్నులయెదుటనే జరిగినది. చేతికి మాత్రము రాలేదు.

చేతివృత్తులలోను ఇదే తీరు. ఉప్పాడ మగ్గములను చూచినవారికి తెలియును. నూలు తోడుట, కండెలు చుట్టుట, పడుగు సిద్ధముచేయుట - సగము పని ఆడువారి చేతిలో జరిగిన తరువాత గాని మగ్గము కదలదు. కాని గుంటలో దిగి కూర్చుండి నాడె విసరువానికే నేతగాడని పేరు. కుమ్మరి యింట మట్టి త్రొక్కి, జల్లించి, కలిపి యిచ్చు ఇల్లాలు సారె త్రిప్పరాదని కట్టుబాటు. పనిముట్టులలో ఏది యజమానురాలికి నిషిద్ధమో చూచినచో ఆ వృత్తిలో గౌరవము ఎచ్చట నున్నదో తెలిసిపోవును.

నరసాపురపు లేసుపని కథ ఇంకను వింతయైనది. పందొమ్మిదవ శతాబ్దిలో మిషనరీ కుటుంబముల స్త్రీలు గోదావరి ప్రాంతపు ఆడుపిల్లలకు నేర్పిన ఈ అల్లిక, రానురాను పశ్చిమ గోదావరి గ్రామములలో వేలాది ఇండ్ల జీవనమైనది. ఇచ్చట పనిముట్టును స్త్రీ చేతిలోనే యున్నది, విద్యయు ఆమెదే. అట్లయిన కష్టమేమి? జర్మను సమాజశాస్త్రజ్ఞురాలు మరియా మీస్ ఆ గ్రామములలో పరిశోధించి 1982లో ప్రకటించిన గ్రంథములో దీనిని వివరించినది. పని ముక్కలు ముక్కలుగా పంచబడినది. ఒకరు పూవు అల్లుదురు, మరియొకరు పూలను జతచేయుదురు. సరుకు బేరము, విదేశపు ఎగుమతి మగవారివి. అల్లిన స్త్రీ గృహిణిగానే లెక్కకు వచ్చినది, ఆమె పని తీరిక వేళల కాలక్షేపముగా పరిగణింపబడినది. పూర్తి వస్తువును మొదటినుండి చివరివరకు తయారుచేయు అవకాశము లేనివాడు ఎంత నేర్పరియైనను మేస్త్రి కాజాలడు. స్త్రీకిని అంతే.

వైద్యవిద్య ఈ విషయమున కొంత ముందు నడచినది. మద్రాసు వైద్యకళాశాల 1875లోనే మేరీ షార్లీబు మొదలగు నలుగురు స్త్రీలను చేర్చుకొన్నది. కారణము సులభముగనే కనబడును: పరపురుషుని యెదుట పడని అంతఃపుర స్త్రీలకు వైద్యము చేయుటకు స్త్రీలే కావలసిరి. యంత్రమునకు ఘోషా లేదు గదా! టర్బైనును చూచుటకు ఆడువారే రావలెనని ఎవరును అడుగలేదు. కావున ఇంజనీరింగు తలుపు మరి 65 సంవత్సరములు మూసియే యుండెను.

ఆ తలుపు తెరచుకొన్న తీరు తెలుగువారు ప్రత్యేకముగా తెలిసికొనదగినది. అయ్యలసోమయాజుల లలిత 1919లో మద్రాసులో ఒక తెలుగు కుటుంబమున జన్మించెను. తండ్రి పప్పు సుబ్బారావు గిండి కళాశాలలో విద్యుత్ శాస్త్రాచార్యుడు. ఆమెకు పదునైదవ యేట వివాహము చేసిరి. 1937 సెప్టెంబరులో శ్యామల అను కుమార్తె కలిగినది. నాలుగు నెలలకే భర్త గతించెను. పదునెనిమిదేండ్ల విధవరాలు, చంటిబిడ్డ. ఆ కాలములో అట్టి స్త్రీకి ఎట్టి భవిష్యత్తు నిర్ణయింపబడియుండెడిదో మన పెద్దవారు ఎరుగుదురు. ఆమె తిరిగి చదువుటకు నిశ్చయించుకొని, క్వీన్ మేరీస్ కళాశాలలో ఇంటరు ప్రథమశ్రేణిలో ముగించెను. వైద్యమును ఎన్నుకొనవచ్చును. కాని రాత్రివేళల బిడ్డను విడిచి రోగులవద్దకు పోవలసివచ్చునని ఆమె దానిని మానుకొనెను. వేళకు పోయి వేళకు వచ్చు ఉద్యోగము కావలెనని ఇంజనీరింగు కోరుకొనెను. సాహసము కొరకు గాక, తల్లి బాధ్యత కొరకు ఒక స్త్రీ ఈ మార్గమును పట్టెననుట నాకు చాల విలువైన సంగతిగా తోచుచున్నది.

తండ్రి, ప్రిన్సిపాలు కె. సి. చాకోతోను, విద్యాశాఖాధికారి స్టాథముతోను మాటలాడి ఒప్పించెను. 1940లో ఆమె విద్యుచ్ఛాఖలో చేరెను. వందలాది మగపిల్లల నడుమ ఒకే యొక్క ఆడుపిల్ల. ఆమె ఒంటరితనమును చూచి, స్త్రీలకును కళాశాలలో ప్రవేశము కలదని సుబ్బారావు పత్రికలలో ప్రకటన వేయించెను. దానితో పి. కె. త్రేసియా, లీలమ్మ జార్జి అను ఇద్దరు సివిలు శాఖలో చేరిరి. లలిత పట్టా అందుకొనునాటికి అచ్చు ప్రతిలో పురుషవాచకమే యుండగా దానిని కొట్టివేసి స్త్రీవాచకమును చేతితో వ్రాయవలసివచ్చినదట.

ఇచ్చట నిలిచి ఆలోచింపవలెను. కుమ్మరి కొడుకు సారె నేర్చినది తండ్రి ప్రక్కన కూర్చుండి. కంసాలి కొడుకు కొలిమి నేర్చినది తండ్రి ఊదుగొట్టము పట్టి. లలితయు తండ్రి వృత్తినే, తండ్రి పనిచేయు చోటనే నేర్చెను. ఆమె సోదరులును ఇంజనీర్లే. అనగా, మన దేశపు మొదటి మహిళా ఇంజనీర్లలో నొకతె సంప్రదాయమును త్రోసిపుచ్చి వచ్చినది కాదు. వంశపారంపర్యముగా విద్య దిగు పాత బాటలోనే, కొడుకు నిలుచుచోట కూతురు నిలిచినది. మార్పు అంతమాత్రమే, ఆ కొంచెపు మార్పునకే ఆచార్యపదవి, ప్రిన్సిపాలు సమ్మతి, ప్రభుత్వానుమతి కావలసివచ్చినవి. తండ్రి గిండి ఆచార్యుడు గాని బాలిక గతి ఏమి? త్రేసియా, లీలమ్మల కథ దీనికి జవాబు. పత్రికలో నాలుగు పంక్తులు పడినంతనే ఇద్దరు వచ్చిరి. ఆడుపిల్లలకు అభిరుచి లేదనువారు, అంతకుముందు వారినెవరైనను పిలిచిరా యని అడిగి చూడవలెను.

పట్టాకు ముందు మరియొక గడప కలదు, అది కర్మాగారము. లలిత బీహారులోని జమాల్పూరు రైల్వే కర్మాగారములో ఒక సంవత్సరము అప్రెంటిసుగా పనిచేసెను. 1862లో స్థాపించిన ఆ కర్మాగారము మన దేశమున రైలింజనుల విద్యకు గురుకులము వంటిది. ఇంజనీరునకు ఈ సంవత్సరము ఎందులకో తెలియనివారికొక మాట. ఆకురాయి ఎంత ఒత్తిన ఇనుము ఎంత దిగును, బేరింగు వేడెక్కినప్పుడు చేతికి ఎట్లు తెలియును, బోల్టు ఎచ్చట బిగింపు చాలించవలెను - ఇవి పాకము వంటివే. ప్రక్కన నిలిచి పట్టవలసినవి. ఆ ఏడు లేనివాని పట్టాను పనివారు లెక్కపెట్టరు. వాని ఆజ్ఞను విని, తమ దారిన తాము పోవుదురు.

తరువాత ఆమె సిమ్లాలో సెంట్రల్ స్టాండర్డ్స్ ఆర్గనైజేషనులో పనిచేసెను. కొంతకాలము తండ్రి పరిశోధనలకు తోడ్పడెను. విద్యుచ్ఛక్తితో పలుకు సంగీతవాద్యము వానిలో నొకటి. 1948లో కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్ సంస్థలో చేరి, విద్యుత్ ప్రసారమార్గములకు, సబ్‌స్టేషనులకు రూపకల్పన చేసెను. భాక్రానంగల్ విద్యుత్ పనులలోను ఆమె చేయి యున్నది. కలకత్తాలోని సోదరుని కుటుంబము శ్యామలను చూచుకొన్నది గనుకనే ఇదంతయు సాధ్యమైనది. 1964లో న్యూయార్కులో జరిగిన మహిళా ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల మొదటి అంతర్జాతీయ సమావేశమునకు ఆమె వెళ్ళెను. మరుసటి సంవత్సరము లండనులోని మహిళా ఇంజనీర్ల సంఘమున పూర్తి సభ్యత్వము పొందెను. 1977లో ఉద్యోగవిరమణ చేసి, 1979లో పరమపదించెను. ఆమె తోటి విద్యార్థిని త్రేసియా దారులు, వంతెనల నడుమ పనిచేసి 1971లో కేరళ ప్రభుత్వ చీఫ్ ఇంజనీరయ్యెను.

ఆ లండను సంఘము పుట్టుకయు మన ప్రకరణమునకు చెందినదే. మొదటి ప్రపంచయుద్ధములో మగవారు రణమునకు పోగా ఇంగ్లండు స్త్రీలు లేతు మిషనుల మీద గుళ్ళు తయారుచేసిరి. యుద్ధము ముగియగానే, 1919లో, పూర్వపు కర్మాగార పద్ధతులను పునరుద్ధరింపవలెనని శాసనము వచ్చినది. స్త్రీలు ఇండ్లకు మరలవలసివచ్చినది. ఆ సంవత్సరమే ఆ సంఘము స్థాపింపబడినది. నాలుగేండ్లు పనిచేసి చూపిన చేతులకు పని రాదని అనుటకు వీలులేదు. కావుననే చేత కాదనకుండ, చోటు లేదనిరి.

మన దేశములోను శాసనము ఒకచోట అడ్డుపడినది. 1948 ఫ్యాక్టరీల చట్టములోని 22వ సెక్షను ప్రకారము, కదలుచున్న చాలకయంత్రములను, శక్తిని అందించు బెల్టులు, షాఫ్టులు మొదలగువానిని తుడుచుట, నూనె వేయుట, సరిచేయుట స్త్రీలకును పిన్నవయస్సు వారికిని నిషేధమై యుండెను. దీనికి హేతువు లేకపోలేదు. పైకప్పు క్రింద బెల్టులు గిర్రున తిరుగు మిల్లులో పమిటచెంగు చిక్కుకొన్న ఘోరములు కల్పితములు కావు. కాని అదే సెక్షను మగవానికేమి చెప్పినది? అట్టి యంత్రమును పరీక్షించు పురుషుడు ప్రత్యేక శిక్షణ పొందినవాడై యుండవలెను. ఒంటికి అంటియుండు దుస్తులు ధరింపవలెను. ఆ దుస్తులను యజమానియే ఈయవలెను. అపాయము ఒక్కటే. పురుషునికి శిక్షణయు దుస్తులును, స్త్రీకి నిషేధమును లభించినవి. యంత్రమును నేర్చుకొను ప్రతి కుఱ్ఱవాడును నూనెడబ్బాతోనే మొదలిడును. ఏ చోట శబ్దము మారినది, ఏ చోట వేడెక్కినది అనునది నూనె వేయువానికి ముందుగా తెలియును. నూనెడబ్బా ముట్టరాదని చెప్పిన తరువాత ఫిట్టరు ఎట్లగును? రాత్రిపాళీలను స్త్రీలకు నిషేధించిన నిబంధనను 2000లో మద్రాసు హైకోర్టు కొట్టివేసినది. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తిభద్రతా నియమావళి స్త్రీలను అన్ని రకముల సంస్థలలో, అన్ని రకముల పనులలో నియమింపవచ్చునని చెప్పినది.

ఇక మన సామర్లకోటకు ఎనిమిది మైళ్ళలో కాకినాడ. 1946లో విశాఖపట్టణము పేర ప్రారంభమైన ఇంజనీరింగు కళాశాల అచ్చట స్థిరపడి, 2008లో విశ్వవిద్యాలయమైనది. నేడు ఆడుపిల్లలు లేని ఇంజనీరింగు తరగతి అరుదు. మార్కులలో వారు వెనుకబడినారనువారు లేరు. కాని ప్రయోగశాల బల్ల దగ్గరకు పోయి చూడుడు. నలుగురు కలిసి ఒక మోటారును పరీక్షించునప్పుడు తీగలు బిగించునది ఎవరు, స్విచ్చి వేయునది ఎవరు? "నీ దస్తూరీ బాగుంటుంది, రికార్డు నువ్వు రాయి, కనెక్షన్లు మేం చూస్తాం" అని స్నేహభావముతోనే పని పంచుకొందురు. ఆ మాటలో ద్వేషము లేదు, అపహాస్యము లేదు. నాలుగేండ్లయిన తరువాత ఒకరి చేతికి స్క్రూడ్రైవరు అలవాటైయుండును, మరియొకరి చేతికి కలము. పెనము దగ్గర ఒకరు, పిప్పి దగ్గర ఒకరు నిలిచిన గానుగ పంపకము చలువరాతి బల్ల మీదికి వచ్చినదని నా యభిప్రాయము. ఉపాధ్యాయులు తలచుకొన్నచో దీనిని ఒక్క వారములో మార్చవచ్చును: బల్ల దగ్గర వంతులు నిర్ణయించి, రికార్డు వ్రాయువారిని ప్రతిసారి మార్చిన చాలును. ఇంటిలో కూడ ఇంతే. ఫ్యూజు పోయినప్పుడు, మిక్సీ నిలిచిపోయినప్పుడు, స్విచ్చి ఆపివేసిన పిమ్మట అబ్బాయితో బాటు అమ్మాయిని గూడ పిలిచి విప్పి చూపు తండ్రులు ఎందరున్నారో మన మన యిండ్లలో లెక్క చూచుకొనవచ్చును.

సామర్లకోట రైలు కూడలి గనుక చివరకు రైలు సంగతి. మహారాష్ట్రకు చెందిన సురేఖా యాదవ్ పాలిటెక్నికు చదివి 1989లో సహాయ డ్రైవరుగా చేరెను. సహాయకుడు పెద్ద డ్రైవరు ప్రక్కన కూర్చుండి దారి నేర్చుకొనవలెను; ఏ వంపు దగ్గర వేగము తగ్గింపవలెను, ఏ ఎత్తు మీద బరువు లాగును అనునది ఆ ప్రక్క ఆసనమునుండియే తెలియును. ఆమె ఆసియాలో మొదటి మహిళా రైలు డ్రైవరుగా పేరొంది, 36 సంవత్సరములు పనిచేసి 2025లో విరమించెను. ఆమె తరువాత ఈ పనిలోనికి మన దేశమున ఎందరో స్త్రీలు వచ్చిరి. కాని ఇంజను గదిలో మరుగుదొడ్డి అమర్చు పని భారత రైల్వేలలో 2016లో గాని మొదలు కాలేదు. సామర్లకోటలో మెయిలు బండి ఒకటి రెండు నిమిషములు మాత్రమే ఆగును. ఆ నిమిషములలో ఇంజను దిగి, ప్లాట్‌ఫారము నడచి, తిరిగి వచ్చుటకు వీలుపడదు.